పాత పెళ్లి వీడియో క్యాసెట్‌ను ఇంట్లోనే డీవీడీకి ఎక్కించుకోవచ్చా?

మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్, దాన్ని ఆడించే వీసీఆర్ (నడిచేదే) రెండూ ఉన్నాయని అడిగేటప్పుడు చెప్పారు కాబట్టి నిక్షేపంగా చేసుకోవచ్చు. మా పెద్దక్క పెళ్లి క్యాసెట్లు రెండూ నేనే ఎక్కించాను. కానీ దయచేసి క్యాసెట్‌ను ఇప్పుడే వీసీఆర్‌లో పెట్టకండి. ముందు వెలుతురుకు పట్టుకుని, పైన ఉండే కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. నల్లగా, నున్నగా ఉంటే ఫరవాలేదు. పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తే అది బూజు.

నేను చూసుకోకుండా పెట్టేశాను. మాది కాకినాడ, సముద్రపు గాలి. ఇరవై ఏళ్లు బీరువా పై అరలో ఉన్న క్యాసెట్ అది. రెండు నిమిషాలు బొమ్మ వచ్చి, తర్వాత తెర నిండా చుక్కలు. బూజు వెళ్లి హెడ్డుకు, అంటే టేపు మీది బొమ్మను చదివే చిన్న భాగానికి, పట్టుకుంది. వీసీఆర్ మూత తీసి, షామీ లెదర్ అనే మెత్తటి తోలు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, హెడ్డు ఉండే గుండ్రటి డ్రమ్ముకు ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పితే నల్లటి మడ్డి వచ్చింది. పైకీ కిందకీ మాత్రం అస్సలు రుద్దకండి, హెడ్డు విరిగిపోతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలూ వద్దు.

బూజు ఉన్న క్యాసెట్‌ను వారం రోజులు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి ఉంచాను. తర్వాత అడుగున ఉన్న ఐదు స్క్రూలు విప్పి, మూతికి మాస్కు కట్టుకుని, మెత్తటి గుడ్డ మధ్యలోంచి టేపును లాగుతూ చేత్తో చుట్టాను. ఒక ఆదివారమంతా పట్టింది. బూజు లేకపోతే ఇదేమీ అక్కర్లేదు, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుడితే చాలు. క్యాసెట్ వెన్ను వైపు ప్లాస్టిక్ ట్యాబ్ ఇంకా ఉంటే విరగ్గొట్టండి, రికార్డ్ బటన్ పొరపాటున నొక్కినా పెళ్లి చెరిగిపోదు.

మిగతాది తేలిక. వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొని, వీసీఆర్ వెనక పసుపు పిన్నుకు వీడియో, తెలుపు, ఎరుపులకు సౌండ్ కలపండి. సాఫ్ట్‌వేర్‌లో పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) ఎంచుకోండి, 720×576, సెకనుకు 25 ఫ్రేములు. మాది మోనో వీసీఆర్, సౌండ్ ఒక చెవిలోనే వచ్చింది. మీకూ అలా అయితే ఆడియోను మోనోకి మార్చండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు.

నేరుగా డిస్క్‌కు కాకుండా ముందు హార్డ్ డిస్క్‌లోకి తీసుకోండి. డీవీడీలకు వాడే ఎంపెగ్-2 రకంలో, సెకనుకు 8 మెగాబిట్ల (8 ఎంబీపీఎస్) నాణ్యతతో తీస్తే గంటకు సుమారు 3.6 జీబీ. అంటే 4.7 జీబీ డీవీడీలో గంటన్నర వీడియో కూడా పట్టదు. మూడు గంటలనూ ఒక్క డిస్క్‌లో కుక్కితే తలంబ్రాల దగ్గర బియ్యపు గింజలన్నీ గళ్లుగళ్లుగా కలిసిపోతాయి. మూడు డిస్కులు చేయండి.

పని అయ్యాక క్యాసెట్ పారేయకండి, వీసీఆర్ కూడా అమ్మేయకండి. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. మొదటిసారి నేను తీసినదాంట్లో జీలకర్ర బెల్లం ఘట్టం అంతా గీతలే. రెండేళ్ల తర్వాత మా బాబాయి గారి వీసీఆర్‌లో ట్రాకింగ్ (హెడ్డు టేపు మీది గీతలను సరిగ్గా అనుసరించేలా చేసే సర్దుబాటు) సరిచేసి మళ్లీ తీస్తే, అక్క వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటున్న నానమ్మ స్పష్టంగా కనిపించింది.