ముల్లు వేడెక్కిందా, ఇంజన్ వేడెక్కిందా?

ప్రశ్న: మాది ఇరవై ఏళ్లు దాటిన చిన్న పెట్రోల్ కారు. పొద్దున స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే ఇంజన్ వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాకా పోతున్నది. హెడ్‌లైట్లు వేస్తే ఇంకొంచెం పైకి జరుగుతున్నది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు, ఆవిరి రావడం లేదు. మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ నడుమ ఉండే సీలు) పోయిందని, ఇంజన్ విప్పాలని అంటున్నాడు. వచ్చే నెల కుటుంబంతో మన్ననూరు మీదుగా శ్రీశైలం పోవాలి. ఇంకో మాట: పది లీటర్లే పోయించినా పెట్రోల్ ముల్లు ముప్పావు ట్యాంకు చూపిస్తున్నది. ఇంజన్ విప్పించమంటారా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఇప్పుడే విప్పించకండి. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లోని నీళ్లు రెండు నిమిషాల్లో అంతగా కాగవు. మీరు చివర్లో ‘ఇంకో మాట’ అంటూ రాసిన పెట్రోల్ ముల్లు సంగతే మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది.

పాత కార్లు చాలావాటిలో ఈ రెండు ముళ్లకూ కరెంటు ఒకే చిన్న స్టెబిలైజర్ గుండా వస్తుంది. ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉండే కరెంటును తగ్గించి నిలకడగా ఇవ్వడం దాని పని. అది చెడిపోయినా, మీటరు బోర్డు ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి పోయే కనెక్షన్) వదులైనా రెండు ముళ్లూ కలిసి ఎక్కువ చూపుతాయి. హెడ్‌లైట్లు వేసినప్పుడు మీటరు బోర్డులోని బల్బులు కూడా వెలుగుతాయి. వాటి కరెంటు సైతం ఆ బలహీనమైన ఎర్త్ గుండానే తిరిగి పోవాలి కనుక ముల్లు ఇంకా పైకి జరుగుతుంది. మీ లక్షణాలు దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి.

మీటరు బోర్డు ఎర్త్ పాయింటు నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా ఒక వైరు తాత్కాలికంగా కలిపి చూడమని కార్ల ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. రెండు ముళ్లూ దిగివస్తే తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును గీకి బిగిస్తే చాలు. దిగిరాకపోతే స్టెబిలైజర్‌ను అనుమానించాలి.

ఆ తర్వాతా వేడి ముల్లు ఒక్కటే మొరాయిస్తే, ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఇంజన్ నీళ్ల వేడిని పసిగట్టి ముల్లుకు తెలిపే సెన్సార్ వైరు పీకండి. ముల్లు కిందికి పడిపోవాలి. పడకపోతే ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్టు. కొందరు మెకానిక్‌లు ఆ వైరును ఇంజన్‌కు ఆనించి ముల్లు పైకి లేస్తుందా అని చూస్తారు. స్టెబిలైజర్ బాగుందని తేలేదాకా ఆ పరీక్ష వద్దు, మీటరే కాలిపోవచ్చు.

వైరు బాగుంటే సెన్సార్‌ను విప్పి, దాని కొనను గిన్నెలోని నీళ్లలో ముంచి, మల్టీమీటర్ తగిలించి నీళ్లు మరిగించండి. వేడి పెరిగేకొద్దీ మల్టీమీటర్‌లో ఓములు (కరెంటుకు సెన్సార్ ఇచ్చే నిరోధం) ఆగకుండా తగ్గుతూ పోవాలి. అంకెలు కారును బట్టి మారుతాయి కానీ, మధ్యలో ఆగినా ఎగిరినా సెన్సార్ పోయినట్టే. తిరిగి బిగించేటప్పుడు మరలకు నల్లాల తెల్లటేపు చుట్టనివ్వకండి. ఒంటి వైరు సెన్సార్‌కు ఆ మరలే ఎర్త్. మన నల్లగొండ, పాలమూరు బోరు నీళ్లు పోసిన బండ్లలో సెన్సార్ కొనకు సున్నంలా పెచ్చు కట్టి ముల్లు ఆలస్యంగా లేవడం కూడా ఉంది. రేడియేటర్‌లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.

మెకానిక్ మాటను మొత్తంగా కొట్టిపారేయలేము. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, అప్పుడు స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటేనో, ఆయిల్ పుల్ల మీద మీగడలాంటి తెట్టు కనబడితేనో ఆయన చెప్పినది నిజం కావచ్చు. వేడి ఇంజన్ మీద మాత్రం ఆ మూత ముట్టుకోకండి.

శ్రీశైలం పోయే ముందు ఎండవేళ ఒక గంట కారు నడిపి, ముల్లు ఎక్కడ నిలుస్తున్నదో గుర్తు పెట్టుకోండి. ఘాట్‌లో అది ఆ గుర్తు కంటే బాగా పైకి పోతేనే కాదు, ఉన్నట్టుండి కిందికి పడిపోయినా కారు ఆపండి: నీళ్లు కారిపోయి సెన్సార్ కొన గాలిలో తేలితే, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు చల్లగానే చూపుతుంది.