10×50 బైనాక్యులర్స్‌లో చుక్కలు వణుకుతుంటే

10×50 కొన్నాను, చుక్కలన్నీ వణుకుతున్నాయి, శని వలయాలు కనబడట్లేదు, మోసపోయానా అని అడిగారు. లేదండీ, మొదలుపెట్టడానికి మంచిదే కొన్నారు. 10 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుందని, 50 అంటే ముందు లెన్స్ వెడల్పు 50 మి.మీ. అని. శని వలయాలకు పాతిక రెట్లయినా కావాలి, ప్రస్తుతానికి వాటిని వదిలేయండి.

వణుకు మీ చేతులది. డాబా మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి, లేదంటే మోచేతులు పిట్టగోడకు ఆనించండి. ఫోకస్‌కి ముందు కుడి కన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేసుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరి రింగు తిప్పండి. ఆ రింగు సంగతి తెలియక నేను నెల రోజులు తలనొప్పితో చూశాను!

చంద్రుణ్ణి పున్నమినాడు చూస్తే తెల్లటి పళ్లెంలా ఉంటాడు, అంతే. శుక్లపక్షంలో సప్తమి, అష్టమి నాడు చూడండి. వెలుగూ చీకటీ కలిసేచోట గుంతల అంచులు నీడలతో లేచి కనిపిస్తాయి. చలికాలంలో కృత్తికలు, అదే మన పిల్లలకోడి: మామూలు కంటికి ఆరేడు చుక్కలు, ఇందులో డజన్లకొద్దీ. గురుడి పక్కన ఒకే వరసలో సన్నటి చుక్కలు కనిపిస్తే అవి 1610లో గెలీలియో చూసిన చందమామలే. మర్నాడు మళ్లీ చూడండి, చోటు మారి ఉంటాయి.

సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, కళ్లు పోతాయి.