స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్న మా గుణుపురం అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి, పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ దీవించి రాయునది.

ముఖం ఉబ్బిపోయిందని, వీధిలో అందరూ అదోలా చూస్తున్నారని, ఇక ఆ బిళ్లలు మానేద్దామనుకుంటున్నానని చెప్పావు. మానకు తల్లీ. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. రేపు పొద్దున్న టిఫిన్ తిని బిళ్ల మాత్రం వేసుకో.

ఎందుకో చెప్తాను. ఇన్నేళ్లు పిల్లలకి సైన్సు పాఠం చెప్పినదాన్ని, కీళ్లవాతానికి ఇదే మందు చాలా ఏళ్లు వాడినదాన్ని. మన రెండు మూత్రపిండాల మీదా చెరో చిన్న గ్రంథి ఉంటుంది. దాన్ని ఎడ్రినల్ అంటారు. అది రోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారు చేస్తుంది. బీపీ పడిపోకుండా ఉండటానికి, జ్వరం వచ్చినా దెబ్బ తగిలినా ఒళ్లు తట్టుకోవడానికి అది కావాలి. నువ్వు వేసుకునే స్టెరాయిడ్ బిళ్ల ప్రెడ్నిసోలోన్ కూడా ఆ కార్టిసాల్ లాంటిదే. దాన్ని మూడు నాలుగు వారాలకి మించి రోజూ వేసుకుంటే ఆ గ్రంథి తన పని తగ్గించేస్తుంది. వీధి కుళాయి వచ్చిందని ఇంట్లో బావిని పూడిపోనిచ్చామనుకో, కుళాయి కట్టేసిన రోజున చేద వేస్తే నీళ్లు రావు కదా. మందు ఒక్కసారిగా మానేస్తే ఒంటికీ అదే జరుగుతుంది. నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. నీ లూపస్, అంటే ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే ఆ జబ్బు, మళ్లీ విజృంభించడం దానికి అదనం.

అందుకే డాక్టరు డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. 40 మిల్లీగ్రాముల నుంచి 20కి తొందరగానే దింపినా, 5 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తారు. మన ఒంట్లో రోజూ తయారయ్యే కార్టిసాల్‌కి సుమారుగా అంత ప్రెడ్నిసోలోన్ సమానం. అక్కడి నుంచి కిందికి దిగాలంటే నిద్రపోయిన గ్రంథి మళ్లీ లేవాలి, దానికి నెలలు పట్టవచ్చు. ఆ దశలో ఒళ్లు నొప్పులు, నీరసం వస్తే నీకు నువ్వుగా డోసు పెంచుకోకు, తగ్గించుకోకు. ఫోన్ చేసి అడుగు. ఒక పూట మర్చిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకో. మర్నాడు మాత్రం రెండు కలిపి వేసుకోవద్దు.

మన సరిహద్దు ఊళ్లవాళ్లకి ఇంకో చిక్కుంది. ఒకసారి బరంపురంలో చూపిస్తాం, ఇంకోసారి విశాఖపట్నం వెళ్తాం, మందులు పాతపట్నంలో కొంటాం. ఒక్కోచోట ఒక్కో కంపెనీ పేరు. వైసోలోన్ అన్నా, ఓమ్నాకార్టిల్ అన్నా లోపలున్నది ప్రెడ్నిసోలోనే. షీటు చేతికి రాగానే రెండు చూడు: మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో. 5, 10, 20, 40 అన్నీ ఉంటాయి. "అదే మందమ్మా" అని షాపువాడు చెప్పినా సరే, పాత షీటు పక్కన పెట్టి చూసుకో. ఇంట్లో కనీసం పది రోజులకి సరిపడా ఎప్పుడూ ఉండాలి. వానల్లో దారులు మూసుకుపోతే మందు లేదని ఆగిపోయే పరిస్థితి నీకు రాకూడదు.

ఒక చిన్న కాగితం మీద "ఈమె రోజూ ప్రెడ్నిసోలోన్ వాడుతోంది, ఆపకూడదు" అని రాసి, డోసు వేసి, ఫోన్ కవర్‌లో పెట్టుకో. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో మూడింట్లోనూ రాయించు. నువ్వు స్పృహలో లేకపోతే నీ తరఫున చెప్పేది అదే. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా, చిన్న ఆపరేషన్ అన్నా ముందే చూపించు. అలాంటప్పుడు, పెద్ద జ్వరం వచ్చినప్పుడు డోసు పెంచాల్సి రావచ్చు. వాంతులై బిళ్ల కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోవద్దు, ఆస్పత్రికి వెళ్తే ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు.

ఇప్పుడు నీ ముఖం సంగతి. నువ్వు ఎక్కువ తిని ఒళ్లు చేయలేదమ్మా. ఈ మందు కొవ్వును బుగ్గల్లోకి, మెడ వెనక్కి, పొట్టలోకి చేరుస్తుంది. ఆకలీ పెంచుతుంది. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో కదల్లేని ఒకామెకి ఇదే జాతి మందైన కార్టిసోన్ మొదటిసారి ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకి, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎక్కువ కాలం వాడితే ముఖం గుండ్రంగా అయిపోతుందని కూడా డాక్టర్లు అప్పట్లోనే గమనించారు. డోసు తగ్గేకొద్దీ చాలామందికి కొన్ని నెలల్లో ముఖం మామూలుగా అవుతుంది. "బాగా ఒళ్లు చేశావే" అన్నవాళ్లకి "మందు వల్ల" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకో. వాళ్లకి జబ్బంతా వివరించాల్సిన పనిలేదు. మొటిమలు, నూగు వెంట్రుకలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం కూడా ఈ మందు వల్లే. ముఖం తెల్లబడే క్రీములు మాత్రం రాయకు. వాటిలో కొన్నింట్లో మళ్లీ స్టెరాయిడే కలిపి ఉంటుంది.

ఆ మాటకొస్తే సంతలో కీళ్లనొప్పులకి, ఆయాసానికి పొట్లాలు కట్టి అమ్మే పొడుల జోలికి అసలు వెళ్లకు. "చెట్ల మందు, సైడ్ ఎఫెక్ట్ లేదు" అంటారు. తిన్న రెండో రోజుకే నొప్పి మాయమైందంటే అనుమానించు. అలాంటి పొడుల్లో డెక్సామెథసోన్ అనే గట్టి స్టెరాయిడ్ కలపడం దేశంలో చాలాచోట్ల బయటపడింది. ఎంత కలిపారో తెలియదు, ఎన్నాళ్లు తినాలో తెలియదు. నీ డాక్టరు లెక్కగా తగ్గిస్తున్న మందుని ఆ పొట్లం వెనక నుంచి పెంచేస్తుంది. నీకే కాదు, మీ అత్తగారి మోకాళ్లకీ తేనివ్వకు. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కూడా అడగకుండా వేసుకోకు. స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. మలం నల్లగా తారులా వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

తిండి గురించి గట్టిగానే చెప్తాను, ఎందుకంటే మన వంటిల్లు ఉప్పు మీద నడుస్తుంది. చద్దన్నంలో ఆవకాయ, పక్కన వేయించిన ఎండుచేప, అప్పడం. ఈ మందు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, బీపీ పెరుగుతుంది. చద్దన్నం తిను, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పెరుగుతో తిను. ఎండుచేప, పచ్చడి మాత్రం ఎప్పుడో ఒకసారికి పెట్టుకో. ఆకలేసినప్పుడల్లా మిక్చర్ డబ్బా తీయకుండా, ఉడికించిన శనగలో వేయించిన పల్లీలో ఉప్పు లేకుండా దగ్గర పెట్టుకో.

సుగర్ పరీక్ష విషయంలో చాలామంది మోసపోతారు. పొద్దున్న వేసుకున్న బిళ్ల వల్ల సుగర్ మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం పెరుగుతుంది. పరగడుపున చేస్తే మామూలుగానే కనిపించవచ్చు. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి కూడా చేయమని అడుగు.

ఎముకలు బోలు కావడం మందు మొదలైన మొదటి నెలల్లోనే ఎక్కువ. కాల్షియం, విటమిన్ డి బిళ్లలు రాసి ఉంటే స్టెరాయిడ్‌తో సమానంగా చూడు. చోడంబలి, అదే రాగి అంబలి, మన ఇళ్లలో ఎలాగూ ఉంది. వంద గ్రాముల చోళ్లలో మూడొందల మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. పాలు, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలు కూడా మంచివే. తొడ కండరాలు కూడా కరుగుతాయి కాబట్టి రోజూ నడువు. లూపస్ ఉంది కనుక ఎండలో కాకుండా సాయంత్రం నడువు. పీట మీద నుంచి చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతున్నా, గజ్జల్లో నొప్పి వచ్చి నడక కుంటుపడుతున్నా డాక్టరుకి చెప్పు. తుంటి ఎముకకి రక్తం అందకపోవడం ఈ మందుతో జరుగుతుంది, తొందరగా పట్టుకుంటే మేలు.

జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకు. మన గజపతి, రాయగడ జిల్లాల్లో మలేరియా ఉంది. స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఇన్ఫెక్షన్ తొందరగా పడుతుంది, పైగా జ్వరం పెద్దగా పైకి కనపడదు. కాస్త ఒళ్లు వెచ్చబడ్డా ఆశా కార్యకర్త చేత రక్తం చూపించు. దోమతెర లేకుండా పడుకోవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకి క్షయ పరీక్ష చేయించు. పొలంలో చెప్పులు లేకుండా తిరగొద్దు. అరికాళ్లలోంచి దూరే ఒక సన్నని పురుగు ఉంది, అది మామూలు మనిషిలో ఏళ్ల తరబడి ఊరుకున్నా స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లలో విపరీతంగా పెరుగుతుంది. టీకాలు ఏవైనా వేయించుకునే ముందు మందు సంగతి చెప్పు.

కార్తీక సోమవారాలు, మార్గశిర గురువారాలు నువ్వు వదలవని తెలుసు. పూజ చేసుకో, ఉపవాసం వద్దు. ఖాళీ కడుపున ఈ బిళ్ల పడదు. పూజ అయ్యేదాకా బిళ్ల ఆపడం కూడా మంచిది కాదు. పొద్దున్నే కాస్త పాలు, పండు తీసుకుని వేసుకో. లక్ష్మీదేవి నీ ఆరోగ్యమే కోరుకుంటుంది.

రాత్రి నిద్ర పట్టడం లేదని, పిల్లాడి మీద ఊరికే కేకలేస్తున్నానని ఏడ్చావు. అందులో సగం మందు చేసే పనే. పొద్దున్న ఎనిమిదిలోపు వేసుకుంటే నిద్ర కొంత మెరుగవుతుంది. ఈ పేరా అల్లుడుగారికి చదివి వినిపించు, నీ కోపం ఎక్కడి నుంచి వస్తోందో ఆయనకీ తెలియాలి. మనసు మరీ కుంగిపోయి బతకాలని లేదనిపిస్తే, లేదా నిద్రే లేకుండా ఉరుకులు పెడుతున్నట్టుంటే ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. డోసు మార్చుతారు, లేదా దానికి వేరే మందు ఇస్తారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వచ్చే నెల బరంపురం వెళ్లేటప్పుడు కళ్ల పరీక్ష కూడా చేయించు. శుక్లం, కంట్లో ప్రెషర్ రెండూ ఈ మందుతో వస్తాయి, ప్రెషర్ పెరిగితే మొదట్లో నొప్పి కూడా ఉండదు. బీపీ, మధ్యాహ్నం సుగర్, బరువు ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాసుకుని వెళ్లు. "డోసు ఎప్పుడు, ఎంత తగ్గిస్తారు?" అని అక్కడే అడిగి, చెప్పింది అదే పుస్తకంలో రాయించుకో. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ