సౌజన్యకు, పరీక్ష పెట్టే ముందు

చిరంజీవి సౌజన్యను పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలందరికీ మూర్తిమత్వ పరీక్ష పెట్టి, విషమయోజనం (పరిసరాలతో సర్దుకోలేక ఇబ్బంది పడడం) ఉన్నవారిని గుర్తించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో నా తరువాత ఈ వృత్తిలోకి వచ్చినదానివి నువ్వేనని మనసు నిండిపోయింది. ఆ పేర్ల జాబితా ఎవరి చేతిలో పడుతుందోనని నిద్ర కూడా పట్టలేదు.

అనుమతి పత్రం తీసుకోవడం, జవాబు పత్రాలకు తాళం వేయడం నీకు తెలిసినవే. నేను చూసినదొకటి చెబుతాను.

నేను పనిచేసిన ఆసుపత్రికి, హాస్టల్లో తిండి మానేసిందని ఒక డిగ్రీ అమ్మాయిని తీసుకొచ్చారు. ఎం.ఎం.పి.ఐ. అనే మూర్తిమత్వ పరీక్షలో, మామూలుగా ఎవరూ ఇవ్వని జవాబులను లెక్కపెట్టే ఎఫ్ స్కేలు పెరిగిన గ్రాఫు చూసి, ఒక సీనియరు ఆమెతో మాట్లాడకుండానే తీవ్ర మానసిక వ్యాధి అని కేసు షీటులో రాసేశారు. ఆ స్కేలులో ఏదో ఆవహించడం వంటి ప్రశ్నలుంటాయి. ఏటా బోనాల్లో అమ్మమ్మకు పూనకం రావడం చూస్తూ పెరిగిన పిల్ల, ఉన్నదున్నట్టు ‘అవును’ అని పెట్టింది. హాథవే, మెకిన్లీ 1943లో ఆ పరీక్షను ప్రచురించినప్పుడు సాధారణ వ్యక్తులుగా తీసుకున్నది ప్రధానంగా అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రికి రోగులను చూడవచ్చిన సుమారు 700 మందిని. అటువంటివారిలో నూటికి పదిమంది కూడా ఇవ్వని జవాబులే ఎఫ్ స్కేలుకు ఎక్కాయి. అక్కడ అరుదైనది, బోనాలు జరిగే మన హైదరాబాదు లాల్‌దర్వాజాలో అరుదు కాదు. ప్రశ్న అర్థం కాకపోయినా, బాధ పట్టలేక సాయం కోరుతున్నా ఎఫ్ పెరుగుతుంది. మెస్ బకాయి కట్టలేక సిగ్గుతో భోజనానికి వెళ్లడం లేదని ఆమె నాతో చెప్పేసరికి, ఇంట్లోవాళ్లు చదువు మాన్పించేశారు.

‘స్కోరే అంతా చెప్పేస్తుంది’ అని మీ అమ్మతో అన్నావట. ఆ మాట ఇంకెప్పుడూ అనకు తల్లీ. వెయ్యిమందిలో నిజంగా ఇబ్బందిలో ఉన్నవారు 50 మంది అనుకో. పరీక్ష వారిలో 40 మందిని పట్టుకుని, మిగిలిన 950 మందిలో నూటికి పదిమందిని పొరపాటున చూపిస్తే, నీ జాబితాలోని 135 పేర్లలో 95 ఉండకూడనివే. ఈ లెక్క ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద వేసి చూపించు. స్కోరు ఎక్కువ వచ్చిన ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి, నిద్ర, తిండి, డబ్బు, ఇల్లు గురించి అడిగాకే ఏదైనా రాయి. జాబితా నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదని యాజమాన్యం చేత రాయించుకో. ఒప్పుకోకపోతే పరీక్ష మొదలుపెట్టకుండా నాకు ఫోను చెయ్యి. నేనే వచ్చి మాట్లాడతాను.

మీ పెద్దమ్మ