డబ్బిస్తామంటే తెలియని మనిషికి హాని చేస్తారా? బ్యాంకులో పనిచేస్తూ నేను చూసిన బేరం

"పది లక్షలిస్తాం, బదులుగా మీకు తెలియని మనిషి ఒకరు ఎక్కడో నాశనమైపోతారు, ఒప్పుకుంటారా?" అనేది ప్రశ్న. ఇంత సూటిగా అడిగితే చాలామంది ఛీ అంటారు. కానీ బయట ఈ బేరం ఇలా రాదు. మొదటి సగం చెప్పి రెండో సగం దాచేస్తారు. రేటు కూడా లక్షల్లో ఉండదు, ఐదు వేలో పది వేలో ఇస్తారు.

నేను గుంటూరు జిల్లాలో ఒక బ్యాంకు బ్రాంచిలో ఆఫీసర్‌ని. కొన్నేళ్లుగా ఈ బేరాన్ని దగ్గరగా చూస్తున్నాను, అందుకే దీని గురించే రాస్తున్నాను.

"తమ్ముడూ, నీ పేరు మీద ఒక అకౌంట్ తెరువు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, దానికి లింకైన సిమ్ము నాకివ్వు. గేమింగ్ డబ్బులు, ట్యాక్స్ గొడవ లేకుండా తిప్పుకోవడానికి అంతే. నీకేం కాదు." హాస్టళ్లలో, టీ కొట్ల దగ్గర కుర్రాళ్లను అడిగేది ఇది. ఇవన్నీ కలిపి ఇచ్చేదాన్ని కిట్ అంటారు. సేవింగ్స్ అకౌంట్‌కి ఒక రేటు, కరెంట్ అకౌంట్‌కి అంతకంటే ఎక్కువ. వ్యాపారం పేరుతో ఉన్న ఖాతాలో పెద్ద మొత్తాలు తిరిగినా వెంటనే అనుమానం రాదు కదా. పోలీసులు, బ్యాంకుల భాషలో వీటి పేరు మ్యూల్ అకౌంట్లు.

ఆ ఖాతాలోకి వచ్చే డబ్బు ఎవరిది? ఎక్కడో ఒక పెద్దాయనకి సీబీఐ అనో కస్టమ్స్ అనో ఫోన్ వస్తుంది. మీ పేరు మీద వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, వీడియో కాల్ ముందు నుంచి కదలనివ్వరు, దానికి డిజిటల్ అరెస్ట్ అని పేరు. అలాంటి అరెస్ట్ మన చట్టంలో లేనే లేదు. ఆయన భయపడి ఎఫ్‌డీలు రద్దు చేసి పంపిన డబ్బు ముందు ఒక ఖాతాలో పడుతుంది. నిమిషాల్లో ముక్కలై ఇంకొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి మరికొన్నింటిలోకి వెళ్తుంది. చివరికి ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. ఆ మధ్యలో ఉన్న ఒక్కో ఖాతా మన ఊరి కుర్రాడిదో, కూలికి వెళ్లే ఆమెదో అయి ఉంటుంది. సైబర్ మోసాల్లో దేశంలో జనం పోగొట్టుకున్న డబ్బు 2023లో 7,465 కోట్లయితే, 2024లో 22,845 కోట్లని కేంద్ర హోం శాఖే పార్లమెంటుకు చెప్పింది. అద్దె ఖాతాలు దొరకకపోతే ఇంత డబ్బు కదిలే దారే లేదు.

మా బ్రాంచికి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ఏటీఎంలో డబ్బులు రావడం లేదని అడిగాడు. చూస్తే వేరే రాష్ట్రం పోలీసులు చెప్పి పెట్టించిన డెబిట్ ఫ్రీజ్ ఉంది, అంటే ఖాతాలోంచి డబ్బు బయటికి పోకుండా ఆపేశారు. ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరన్న టైంలో సీనియర్ ఒకడు అడిగాడట, అకౌంట్ ఇచ్చేశాడు. "ఎవరికీ నష్టం లేదన్నారు మేడం" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు నాకనిపించలేదు.

అతని స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, పెద్ద మొత్తం జమైన లైన్ చూపించాను. పక్కన పంపిన వాళ్ల పేరు ఉంది, ఒక ఆడమనిషి పేరు. ఆ పేరు అతను అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు, ఎందుకంటే మెసేజ్‌లన్నీ వెళ్లింది ఆ సీనియర్‌కి ఇచ్చిన సిమ్‌కి. కాసేపు దాన్నే చూసి, "ఈవిడ ఎవరు మేడం?" అని అడిగాడు. ఎవరో నాకూ తెలియదని చెప్పాను. తర్వాత కేసు పని మీద వచ్చిన ఎస్సై గారి మాటల్లో తెలిసింది, ఆమె రిటైరైన నర్సు అని, పోయింది సర్వీసంతా కూడబెట్టుకున్న డబ్బని.

ఇక ఆ అబ్బాయి కట్టిన మూల్యం. స్కాలర్‌షిప్ పడే ఖాతా ఆగిపోయింది. అతని పాన్‌తో ఉన్న ఇంకో ఖాతా మీదా ఎంక్వైరీ పడింది. కమీషన్ డబ్బుతో అతను ఫోన్ కొన్న షాపాయన ఖాతాలో కూడా ఆ మేరకు లీన్ పెట్టారు, అంటే అంత డబ్బు తీయకుండా ఆపేశారు. ఆయన ఏ పాపం ఎరగడు, హోల్‌సేల్ వాళ్లకి చెక్కు వెళ్లాల్సిన వారంలో మా చుట్టూ తిరిగాడు. తండ్రి పని మానుకుని, నోటీసు వచ్చిన ఊరికి కొడుకుని తీసుకుని రైల్లో వెళ్లొచ్చాడు. మోసం నేరం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ సీనియర్ మాత్రం అప్పటికే ఫోన్ నంబర్ మార్చేశాడు.

కాలేజీల్లో అవగాహన సదస్సులంటే మేము వెళ్లి "దొరికిపోతారు, జాగ్రత్త" అని చెబుతాం. అది సరిపోదని నా నమ్మకం. దొరకననుకున్న రోజున ఆ మాట పనిచేయదు. అందుకే ఈమధ్య నేను ఆ పెద్దావిడ సంగతే చెబుతున్నాను, పేరూ ఊరూ చెప్పకుండా. నైట్ డ్యూటీలు చేసి దాచుకున్న డబ్బు అంటే పిల్లలకి అర్థమవుతుంది, చాలామంది ఇళ్లలో అమ్మలు అలాంటి పనులే చేస్తుంటారు.

మా బ్యాంకు వాళ్ల గురించి కూడా చెప్పాలి. 700కు పైగా బ్రాంచిల్లో దాదాపు 8.5 లక్షల మ్యూల్ ఖాతాలు తెరిచారని 2025 జూన్‌లో సీబీఐ చెప్పింది, కొందరు బ్యాంకు ఉద్యోగుల పాత్ర ఉందని కూడా. టార్గెట్లున్నాయని కేవైసీ, అంటే ఖాతాదారుడి గుర్తింపు వివరాలు, సరిగా చూడకుండా సంతకం పెట్టిన ఆఫీసర్ తప్పు, హాల్ టికెట్ కోసం అకౌంట్ ఇచ్చిన కుర్రాడి తప్పు కంటే పెద్దదని నేనంటాను. మాకు నెలనెలా జీతం వస్తుంది, ఏది దేనికి వాడతారో కూడా తెలుసు.

ఫోన్‌లో బెదిరించే గొంతు కూడా ఒక్కోసారి మనవాళ్లదే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ బలవంతంగా ఈ మోసాలు చేయించిన ముఠాకు సంబంధించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. తప్పించుకునే దారి లేక చేసినవాళ్లను, డబ్బుకి ఆశపడి చేసినవాళ్లను ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు.

ఇది చదివే వాళ్లలో ఎవరైనా ఇప్పటికే అకౌంట్ ఇచ్చి ఉంటే, ఈరోజే మీ బ్రాంచికి వెళ్లి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపేయమని లెటర్ రాసివ్వండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఆ సిమ్ బ్లాక్ చేయించండి. దగ్గరి సైబర్ పోలీసులకు మీరే వెళ్లి, ఎవరు అడిగారో, ఎప్పుడిచ్చారో, చాట్‌లతో సహా చెప్పండి. వీలైతే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి, ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఖాతాలో ఏమైనా మిగిలి ఉంటే రూపాయి కూడా తీయకండి, కోర్టు ఉత్తర్వు వస్తే అది పోగొట్టుకున్న మనిషికి తిరిగి వెళ్తుంది. పోగొట్టుకున్నది మీరే అయితే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు మొదటి ఒకటి రెండు ఖాతాల్లో ఉండగానే ఆపగలిగితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.