పాత తెలుగు పుస్తకాల స్కాన్లకు మీడియన్ ఫిల్టరు వాడవచ్చా?

స్కాన్ చేసిన పాత పుటల్లోని చుక్కలు, మరకలు పోగొట్టడానికి మీడియన్ ఫిల్టరు (ప్రతి బిందువుకూ దాని చుట్టుపక్కల విలువల్లో నడిమిదాన్ని ఇచ్చి బొమ్మను శుభ్రపరచే పద్ధతి) సరిపోతుందా అని అడిగారు. ఇంగ్లీషు పుటలకు సరిపోతుందేమో గాని, తెలుగు పుటల మీద దాన్ని నేరుగా ప్రయోగించడాన్ని నిషేధించాలన్నంత పట్టుదల నాది.

మా ఊరి గ్రంథాలయంలో శిథిలమవుతున్న పద్యకావ్యాలను స్కాన్ చేయించే పని కొంతకాలం నేను చూశాను. ఆ పని ఒప్పుకున్న సంస్థవారు ఒక పుస్తకాన్ని 200 డీపీఐలో (అంటే అంగుళానికి 200 పిక్సెళ్ల చొప్పున) స్కాన్ చేసి, 5×5 మీడియన్ ఫిల్టరుతో శుభ్రపరచి, తెల్లని కాగితం మీద నల్లని అక్షరాలతో తళతళలాడే పీడీఎఫ్ తెచ్చి ఇచ్చారు. కాగితపు నలుసులు, మసి చుక్కలు ఒక్కటీ మిగలలేదు. ప్రూఫులు చూసే తెలుగు మాస్టారు మాత్రం రెండు పుటలు చదివి, "ఈ కవిగారికి ఒత్తక్షరాలు పలకవా అండీ?" అని అడిగారు. స్కానును బాగా పెద్దది చేసి, అసలు పుస్తకాన్ని పక్కన పెట్టి చూస్తే, "థ" నడుమ ఉండవలసిన చుక్క లేదు, "ధ" కింది గీత లేదు, అరసున్నలు చాలాచోట్ల ఆనవాలైనా లేకుండా పోయాయి. "కథ" కొన్నిచోట్ల "కధ" అయింది, కొన్నిచోట్ల "కద" దాకా దిగింది. అసలే కథను కధ అని రాసేవారు పెరిగిపోయిన ఈ రోజుల్లో ఫిల్టరు కూడా వారి పక్షానే చేరిందన్నమాట.

ఇందులో వింతేమీ లేదు, అంతా లెక్కే. 5×5 గడిలోని 25 పిక్సెళ్ల విలువలను వరుసలో పేర్చి, వాటిలో 13వదాన్ని నడిమి పిక్సెలుకు ఇవ్వడమే మీడియన్ చేసే పని. 200 డీపీఐలో పావు మిల్లీమీటరు మందం గల గీత సుమారు రెండు పిక్సెళ్లకు మించదు కనుక, ఆ గడిలో దాని వాటా గరిష్ఠంగా 10 మాత్రమే. మెజారిటీ కాగితానిదే, అందుచేత గీత మాయమవుతుంది. అదే గీత 400 డీపీఐలో నాలుగు పిక్సెళ్లై నిలబడుతుంది, కొసలు మాత్రం కాస్త అరుగుతాయి. దుమ్ము చుక్కకూ "థ"లోని చుక్కకూ తేడా ఫిల్టరుకు తెలియదు, తెలియాలని ఆశించడమూ అన్యాయమే. మీడియన్‌కు బదులు సగటు ఫిల్టరు వాడమని కొందరు సలహా ఇస్తారు. నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో చుట్టూ 240 ఉన్నచోట ఒక నల్ల పిక్సెలు ఉంటే, 3×3 సగటు దాన్ని తుడవకపోగా 213 విలువ గల బూడిదరంగు మచ్చగా తొమ్మిది పిక్సెళ్లకూ పులుముతుంది.

అయితే గీతలను మింగే ఆ గుణాన్నే మనకు పనికివచ్చేలా తిప్పుకోవచ్చు. 400 డీపీఐ గ్రే స్కేలు (బూడిదరంగు ఛాయలన్నీ ఉంచే) స్కాను మీద 51×51 వంటి పెద్ద గడితో మీడియన్ నడిపితే అక్షరాలన్నీ మాయమై, పసుపెక్కిన కాగితమూ, తేమ మరకలూ, కుట్టు దగ్గరి నీడా మాత్రమే మిగులుతాయి. అసలు స్కానును పిక్సెలు పిక్సెలుగా ఈ వట్టి కాగితంతో భాగిస్తే, మరకలూ నీడా చాలామట్టుకు చదునై, అరసున్న చెక్కుచెదరకుండా ఉంటుంది. బొమ్మలను ప్రోగ్రాములతో మార్చే ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఇది నాలుగైదు వరుసల పని. ఆ తరువాత నలుపు తెలుపులుగా విడదీయాలనుకుంటే, పుటంతటికీ ఒకే హద్దు గీసే ఓట్సు పద్ధతి కంటే, చోటుచోటుకూ సగటునూ విచలనాన్నీ (విలువల ఎగుడుదిగుళ్లనూ) చూసి హద్దు మార్చుకునే సావోలా పద్ధతి మేలు, ముఖ్యంగా వెనుక పుట సిరా ఇవతలికి కనిపించేచోట. మిగిలిన నలుసులను చేత్తో తుడుచుకోండి, లేదా వదిలేయండి. చదివేవారికి నలుసుతో వచ్చే ఇబ్బంది ఏమీ లేదు.

నాకు ఫిల్టరు కంటే ఎక్కువ కోపం తెప్పించేది శుభ్రం చేసిన వెంటనే అసలు స్కానును చెరిపివేసే అలవాటు. ఆ సంస్థవారు గ్రే స్కేలు ఫైళ్లను దాచలేదు. ఫోనులోని స్కానింగు యాప్‌లు కూడా చాలావరకు పుటను తెల్లగా మార్చి ఇస్తాయి గాని ఏం తీసివేశాయో చెప్పవు. మీరు ఎవరికైనా పని అప్పగిస్తే, గ్రే స్కేలు టిఫ్ (వివరాలు పోకుండా బొమ్మను దాచే రకం) ఫైళ్లు అందేదాకా బిల్లు చెల్లించకండి.