ఎనిమిదవ షడ్రేఖ: ఐకమత్యమా, చేరువా?

సందేహం: చైనావారి ప్రాచీన శకునగ్రంథం 'యీ జింగ్'లోని ఎనిమిదవ చిహ్నం 'బీ' గురించి వ్యాసం రాస్తూ, "ఈ చిహ్నం గొప్ప నాయకత్వం కింద ప్రజల ఐక్యమత్యాన్ని సూచిస్తుంది" అన్నాను. 'ఐక్యమత్యం' తప్పని మిత్రులొకరు అన్నారు. నిజమేనా? ఆరు గీతల ఈ చిహ్నాన్ని 'షడ్రేఖ' అనవచ్చా?

సమాధానం: మీ మిత్రులు చెప్పింది నిజమే. 'ఏకమతం' నుంచి ఏర్పడిన మాట కనుక 'ఐకమత్యం' అనాలి. 'షడ్రేఖ' నిక్షేపంగా వాడవచ్చు. 'షడ్రసాలు' ఎలా సాధువో ఇదీ అంతే. 'నాయకత్వం కింద' మాత్రం తెలుగు నుడికారం కాదు, 'నాయకత్వంలో' అంటాం. అయితే ఇవన్నీ దిద్దుకున్నా మీ వాక్యం నిలవదు, ఎందుకంటే ఐకమత్యమన్న భావమే ఈ చిహ్నానికి అతకదు.

గీతలను ఒకసారి పరికించండి. కింది నుంచి ఐదవది ఒక్కటే అఖండరేఖ, తక్కిన ఐదూ నడుమ తెగినవి. ఆ ఐదవది రాజు స్థానం. కింది మూడు గీతలు భూమికీ పై మూడు నీటికీ గుర్తులు కాగా, నేల మీద నీరున్న ఈ రూపాన్ని చూసే పూర్వరాజులు రాజ్యాలను నెలకొల్పి సామంతులను ఆదరించారని గ్రంథంలోని వివరణ చెబుతుంది. ఐకమత్యమంటే పదిమందిదీ ఒకే అభిప్రాయం కావడం. అందుకు నడుమ ఒకరు ఉండనక్కరలేదు. ఇక్కడ ఉన్నది ఒకరి చెంతకు పలువురు చేరడం. ఈ భావానికి 'పొత్తు' చక్కని మాటే కాని, ఈనాడు వినగానే ఎన్నికలే గుర్తుకు వస్తాయి. 'పంచన చేరడం'లో దిక్కులేనితనం ధ్వనిస్తుంది. చేరడాన్నీ దగ్గరితనాన్నీ ఒక్కటిగా చెప్పే 'చేరువ' నాకు అన్నిటికంటే తగినదిగా తోస్తున్నది.

ఐదవ గీతకు చెప్పిన వాక్యం చూస్తే ఈ చేరువలో బలవంతం లేదని తెలుస్తుంది. రాజు వేటలో మూడు వైపుల నుంచే మృగాలను తోలించి, ఎదుటి దిక్కు విడిచిపెట్టి, అటు పోయినవాటిని పోనిస్తాడు. ఊరివారిని హెచ్చరించవలసిన పని ఉండదు. కాబట్టి "తగిన నాయకుడికి ప్రజలు తమంతట తామే చేరువ కావడాన్ని ఈ చిహ్నం సూచిస్తుంది" అని రాయండి. అయితే ఆలస్యంగా వచ్చినవాడికి కీడని కూడా మూలంలో ఉంది; ఆ మాట వదిలేస్తే మీ వ్యాఖ్యానం మరీ మెత్తబడుతుంది. మూలంలో ఫలం చెప్పేచోట వచ్చే మాటను 'నింద లేదు' అని అనువదించడం కంటే మన పంచాంగాలలో అలవాటైన 'దోషం లేదు' మేలు.

ఆరవ గీత ఫలం 'తల లేని చేరువ, కీడు'. అక్కడి 'తల'ను కొందరు నాయకుడని, కొందరు ఆరంభమని వ్యాఖ్యానించారు. దీన్ని విప్పి 'నాయకుడు లేని' అని రాయకండి. మన 'తల'కు కూడా శిరస్సు, మొదలు అనే రెండర్థాలూ ఉన్నాయి. 'తలపెట్టడం'లో ఉన్నది ఆ రెండవదే. మూలంలోని సందిగ్ధాన్ని ఆ ఒక్క మాట చెక్కుచెదరకుండా నిలుపుతుంది.